జోలమందు

మార్కండేయులు మా ల్యాబుకి వచ్చిన రోజున నేను ఆయనకి టీ పెట్టించి ఇచ్చాను. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

నా పేరు పోలమ్మ. రేవుపట్నం జాలరిపేటలో పుట్టాను. మా పేట నుంచి డాక్టరీ చదివిన మొదటి మనిషిని నేనే. చదివాక పరిశోధనలోకి వెళ్ళాను. పదకొండేళ్ళు ఒకే మందు మీద కూర్చున్నాను. నేనూ, మా టెక్నీషియన్ ఇజ్రాయేలు గారూ, రెండు గదుల ల్యాబూ, అంతే. ఆ మందు అసలు పేరు ఎవరికీ నోరు తిరిగేది కాదు. ఇజ్రాయేలు గారు దాన్ని జోలమందు అనేవారు. అదే స్థిరపడిపోయింది.

అది ఏం చేస్తుందో మొదటిసారి మన్యంలో, ఒక వైద్య శిబిరంలో చూశాం. కాన్పయ్యాక రక్తం ఆగని ఒక కొండ పిల్లని డోలీలో మోసుకొచ్చారు. పెద్దాసుపత్రికి తొమ్మిది గంటల దారి. బతకదని మోసుకొచ్చిన వాళ్ళకీ తెలుసు. సెలైన్‌లో జోలమందు కలిపి ఎక్కించాను. చుట్టూ ఐసు పేర్చాం. ఇరవై నిమిషాలకి ఆ పిల్ల గుండె నిమిషానికి నాలుగుసార్లు మాత్రం కొట్టుకుంటోంది. ఒళ్ళు పద్నాలుగు డిగ్రీలకి చల్లబడింది. ఆసుపత్రిలో సర్జన్ చెయ్యి పట్టుకు చూసి, "శవాన్ని తెచ్చారేమిటండీ?" అన్నాడు. ఆపరేషన్ చేయించి, తర్వాత మూడు రోజులు దగ్గరే కూర్చుని వెచ్చబెట్టాను. మూడు గంటలకి ఒక్క డిగ్రీ. అంతకన్నా తొందరపడితే వేళ్ళలో నరాలు చచ్చిపోతాయి. మరీ తొందరపడితే గుండె ఆగిపోతుంది. నాలుగో రోజు ఆ పిల్ల కళ్ళు తెరిచి గంజి అడిగింది.

ఆసుపత్రి దూరమైన వాళ్ళకి కాస్త వ్యవధి దొరకాలని ఆ మందు తయారుచేశాను. ఇంక దేనికీ కాదు.

ఆ తర్వాతి ఏడాదే ఊరు మూతపడటం మొదలైంది. విదేశాల వాళ్ళు మన రొయ్యలు కొనడం ఆపేశారు. రేవుకి ఓడలు రావడం తగ్గింది. లారీలు ఆగాయి, లారీల మీద బతికే హోటళ్ళు ఆగాయి, మెయిన్ రోడ్డులో సగం షట్టర్ల మీద 'అద్దెకు ఇవ్వబడును' అని రాసి ఉండేది. మా ల్యాబుకి వచ్చే గ్రాంటు కూడా ఆగిపోయింది. ఇజ్రాయేలు గారు జీతం లేకుండానే రోజూ వచ్చి, గాజు గొట్టాలు కడిగి, ఎండబెట్టి, ఇంటికి వెళ్ళేవారు.

ఊళ్ళో అన్నిటికన్నా పెద్ద రొయ్యల ఫ్యాక్టరీ మార్కండేయులుది. అందరూ ఆయన్ని ఎండీ గారు అంటారు. ఒక సోమవారం పొద్దున డ్యూటీకి వెళ్ళిన వాళ్ళకి గేటుకి తాళం కనబడింది. మా వదిన మసేనమ్మ అందులో పదహారేళ్ళు రొయ్యలు వొలిచింది. ఆమె చేతులు చూసి తీరాలి. పక్కవాళ్ళతో కబుర్లు చెబుతూ, చేతివైపు చూడకుండా, తలా తోకా నల్ల నరం తీసి పడేసేది. గేటుకి తాళం చూసి ఆమె ఇంటికి రాలేదు. అక్కడే గేటు ముందు కూర్చుంది. సాయంత్రానికి రెండు వందల మంది ఆడవాళ్ళు కూర్చున్నారు. వారానికి వెయ్యి దాటారు.

అదే వారంలో ఎండీ గారు మేయర్ ఎన్నికకి నిలబడతానని ప్రకటించాడు. జనమే నేరుగా మేయర్‌ని ఎన్నుకునే పద్ధతి వచ్చాక అదే మొదటి ఎన్నిక. ఆయనకి ఎదురు నిలబడింది దమయంతి అనే రిటైర్డ్ టీచరు. ఆమెకి మైకు కూడా సరిగ్గా ఉండేది కాదు. ఈయన మీటింగులకి మాత్రం పెద్ద తెరలు, లెక్కల బొమ్మలు. "నగరం ఒక కంపెనీ. మీరంతా వాటాదారులు. నష్టాల్లో ఉన్న కంపెనీని గట్టెక్కించడం ఒక్కటే నాకు వచ్చిన విద్య," అనేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. నేనూ ఒకసారి కొట్టాను.

ఇదిగో, అప్పుడే మా ల్యాబుకి వచ్చాడు. తెల్ల చొక్కా, మోచేతుల దాకా మడిచిన చేతులు, మెత్తటి గొంతు. టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని తాగాడు.

"డాక్టర్ గారూ, సరుక్కి గిరాకీ లేనప్పుడు మేం ఏం చేస్తాం? కోల్డ్ స్టోరేజీలో పెడతాం. రేటు వచ్చాక తీస్తాం. మరి మనుషుల్ని మాత్రం ఎండలో ఎందుకు మాడ్చాలి?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఇజ్రాయేలు గారికి అర్థమైంది. చేతిలో ఉన్న గొట్టం స్టాండులో పెట్టేసి నిలబడిపోయారు.

"పనిలేని వాళ్ళని మూడు నెలలు పడుకోబెట్టండి," అన్నాడు మార్కండేయులు. "ఆకలుండదు, దిగులుండదు. నా షెడ్లు నాలుగు ఖాళీగానే ఉన్నాయి. ఇంట్లో వాళ్ళకి బియ్యం, నూనె, పిల్లల స్కూలు ఫీజు మా ట్రస్టు చూసుకుంటుంది. ఫ్యాక్టరీ తెరవగానే పడుకున్న వాళ్ళకే మొదటి పని. మీ ల్యాబు బతుకుతుంది. ఊరూ బతుకుతుంది."

"ఇది జబ్బు మనుషుల కోసం చేసింది సార్," అన్నారు ఇజ్రాయేలు గారు.

"ఊరికి జబ్బు చేసింది కదండీ," అన్నాడు ఆయన, నవ్వకుండా.

అప్పుడే లేచి తలుపు చూపించాల్సింది. చూపించలేదు. రెండు గదుల బూజువైపు చూశాను. పదకొండేళ్ళ పని మూలపడుతుందని భయం వేసింది. తొంభై రోజులకి మించకూడదు, ఎనభై ఏడో రోజున వెచ్చబెట్టడం మొదలుపెట్టాలి, అన్నాను. "మీరెలా చెబితే అలా," అన్నాడు. పై అనుమతులన్నీ పదకొండు రోజుల్లో తెప్పించాడు. ఒప్పందం కాగితాలు దొంతర్లు దొంతర్లుగా వచ్చాయి. డాక్టర్ అని ఉన్న ప్రతి చోటా సంతకం పెట్టుకుంటూ పోయాను.

పేటలో మొదట ఎవరూ ఒప్పుకోలేదు. వదిన నన్ను ఇంటికి పిలిపించింది. మా అన్న ఎర్రయ్య బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. బోట్లే కదలని రోజుల్లో ఆయనకేం పని ఉంటుంది? గుమ్మంలో కూర్చుని పాత నట్లు కిరసనాయిలుతో తుడుస్తున్నాడు. వాళ్ళ కూతురు లోవకి పన్నెండేళ్ళు. లోపల చదువుకుంటోంది.

"మందు నీదే కదా?" అంది వదిన.

"నాదే."

"లేత్తామా మరి?"

"లేస్తారు వదినా. నేను దగ్గరుండి లేపుతాను."

"అదేటో కోల్డ్ స్టోరేజీ మాటలు నాకొద్దు. గేటు కాడ కూకుంటే అన్నం రాట్నేదు. పిల్ల రెండు పూటలు తిని నెలయింది. నువ్వు పడుకోమంటే పడుకుంటాను. ఇంకోలు సెప్తే ఇననని ట్రస్టోల్లకీ సెప్పాను."

నేను పడుకోమన్నాను. మసేనమ్మ పడుకుంటోందని తెలిసి గేటు దగ్గర ఉన్న ఆడవాళ్ళంతా పేర్లు ఇచ్చారు. ఫిబ్రవరి ఆఖర్లో నాలుగు రోజులపాటు పదకొండు వందల నలభై మందిని పడుకోబెట్టాం. రొయ్యల ట్రేలు పెట్టే ఇనుప అరల మీద పరుపులు వేశారు. వదిన పరుపు ఎక్కి, చెప్పులు కింద జతగా పెట్టి, "సలి ముందు కాల్లకి తెలుత్తాదా, సేతులకా?" అని అడిగింది. చెప్పేలోపే కళ్ళు మూతపడ్డాయి. ఆ రోజే ఫ్యాక్టరీ గేటు ముందు ఆడవాళ్ళు వేసుకున్న టెంటు పీకేశారు.

ఊరు ప్రశాంతంగా ఉందని పేపర్లు రాశాయి.

నేను రోజూ షెడ్లలో తిరిగేదాన్ని. ఒక్కొక్కరి నాడి పట్టుకుంటే పావు నిమిషానికి ఒక దెబ్బ. అంతా బాగానే ఉంది. బాగానే ఉందని సంతోషించాను కూడా.

అరవయ్యో రోజున అన్న ఫోను చేశాడు. "సెల్లీ, ఓపాలి రా. పాపకి... నాకు తెల్దు, నువ్వు రా." పరిగెత్తాను. లోవ పెద్దమనిషి అయింది. గదిలో మూలకి ఒదిగి, గౌను మోకాళ్ళ కిందకి లాక్కుని కూర్చుంది. బయట మా అన్న, ఎవరిని పిలవాలో తెలియక ఇరుగుపొరుగు గుమ్మాల వైపు చూస్తున్నాడు. చుట్టుపక్కల ఇళ్ళలో ఆడవాళ్ళంతా షెడ్లలోనే ఉన్నారు.

స్నానం చేయించి, కొత్త బట్టలు కట్టి, చాప మీద కూర్చోబెట్టాను. నువ్వులుండ చేతిలో పెడితే తినలేదు.

"అత్తా, అమ్మని ఒక్క రోజు లేపి మళ్ళీ పడుకోబెట్టకూడదా?"

"కుదరదమ్మా. ఒక్క నెల ఓపిక పట్టు."

"అమ్మ లేచాక నేను సెప్తే, ఈరోజు మళ్ళీ వత్తాదా?"

దువ్వెన అందుకున్నాను. జడ వేస్తానంటే తల విదిలించుకుంది.

ల్యాబుకి వచ్చేసరికి ఇజ్రాయేలు గారు పేర్ల రిజిస్టరు ముందేసుకుని ఉన్నారు. ఆయన నెమ్మదస్తుడు. ఆ రోజు మాత్రం మొహం ఎర్రగా ఉంది.

"మేడమ్, కొండవార్డు నుంచి నూట యాభై మంది పడుకుంటామని వచ్చారు, గుర్తుందా? కట్టుబట్టల్తో ఉన్నవాళ్ళు. వాళ్ళని వెనక్కి పంపేశారు."

"షెడ్లు చాలవన్నారు కదా."

"నాలుగో షెడ్డు సగం ఖాళీ. పడుకున్న వాళ్ళంతా మూడు వార్డుల వాళ్ళే మేడమ్. గేటు దగ్గర కూర్చున్న వాళ్ళు, వాళ్ళ చుట్టాలు. కొండవార్డు వాళ్ళు ఎండీ గారికే ఓటేస్తారు, వాళ్ళని ఎందుకు పడుకోబెడతాడు?" రిజిస్టరు మూసేశారు. "ఓటింగు తేదీ వందో రోజున పడింది. మనం తొంభైకి లేపితే వీళ్ళంతా వెళ్ళి ఓటు వేస్తారు. లేపనిస్తాడా?"

లేపనిస్తాడనే అన్నాను. ఆ మాట అంటున్నప్పుడే నమ్మకం లేదు.

ఎనభై ఏడో రోజు పొద్దున్నే షెడ్లకి వెళితే, వెచ్చబెట్టడానికి తెప్పించిన వేడిగాలి యంత్రాల గదికి సీలు వేసి ఉంది. మేనేజరు కాగితం చూపించాడు. నిద్ర ఇరవై రోజులు పొడిగించారట. మార్కండేయులు కోసం మూడు రోజులు తిరిగాను. ప్రచారంలో ఉన్నారు, రేపు రండి, అన్నారు. తొంభయ్యో రోజు మధ్యాహ్నం నేరుగా ఆయన ఎన్నికల ఆఫీసులోకి వెళ్ళిపోయాను. భోజనం చేస్తున్నాడు. లేవకుండానే ఎదురు కుర్చీ చూపించాడు.

"మూడో పేజీ చూడండి డాక్టర్ గారూ. 'అనుకూల పరిస్థితులు ఏర్పడే వరకు' అని ఉంది. కింద మీ సంతకమే."

నా సంతకమే.

"తొంభై రోజులని నాకు మాటిచ్చారు."

"ఫ్యాక్టరీ తెరవలేదు. లేచి ఏం చేస్తారు వాళ్ళు? మళ్ళీ గేటు దగ్గర కూర్చుంటారు. వాళ్ళకి ఆకలి, ఊరికి చికాకు. ఎవరికి లాభం చెప్పండి?"

"ఎన్నికయ్యే దాకా వాళ్ళని పాతిపెట్టావు," అన్నాను. 'మీరు' పోయింది. "వాళ్ళ ఓట్లే కాదు. పెళ్ళాం షెడ్డులో చల్లబడి పడుంటే బయటున్న మొగుడు ఎవరికి ఓటేస్తాడు? నీకు కాక ఇంకెవరికి వెయ్యగలడు?"

మార్కండేయులు పెరుగు కలుపుకుంటూ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు.

"నేను ఎవరినీ కొట్టలేదు. జైల్లో పెట్టలేదు. పస్తు పెట్టలేదు. ఒక్కసారి కిటికీలోంచి చూడండి, ఎంత నిశ్శబ్దంగా ఉందో ఊరు. ఇంతకన్నా తక్కువ ఖర్చుతో ఎవరైనా పరిపాలించగలరా? మీరు కనిపెట్టిన దానికి విలువ మీకే తెలియడం లేదు డాక్టర్ గారూ. ఇంకో రెండు ఊళ్ళ నుంచి అడుగుతున్నారు నన్ను."

ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. నేను బయటికి వచ్చేశాను.

అక్కడి నుంచి నేరుగా పేటకి వెళ్ళాను. వలలు ఎండబెట్టే చోట మగవాళ్ళని, ముసలివాళ్ళని పోగుచేశాను. ఏమీ దాచలేదు. ఎందుకు పడుకోబెట్టించాడో చెప్పాను. ఏ కాగితం మీద సంతకం పెట్టానో చెప్పాను. వేడిగాలి యంత్రాలు లేకుండా లేపడం ప్రమాదమనీ చెప్పాను.

"ఇరవై రోజులు ఆగితే ఏటవుద్ది?" అని ఒక ముసలాయన అడిగాడు.

"ఇరవై తర్వాత ఇంకో ఇరవై అంటాడు. నూట ఇరవై రోజులు దాటితే లేస్తారో లేదో నాకే తెలియదు. ఎవరిమీదా అంతవరకు చూడలేదు."

మా అన్న వంగి గుప్పెడు ఇసక తీశాడు. మే నెల, మధ్యాహ్నం. వెంటనే వదిలేసి చెయ్యి దులుపుకున్నాడు.

"కాలిపోతంది," అన్నాడు. నా వైపు చూశాడు. "దీన్ని గోనెల్లో పోసి పక్కనెట్టుకుంటే?"

తొంభై ఒకటో రోజు పొద్దున పేట పేటంతా గోనె సంచుల్తో షెడ్లకి నడిచింది. గేటు వాచ్‌మన్ గరికయ్య భార్య మూడో షెడ్డులో ఉంది. ఆయన మమ్మల్ని చూసి, ఒక్క మాట మాట్లాడకుండా తాళాలు తీసి, తాళపుచెవులు చెరువులోకి విసిరేశాడు. ఏసీలు ఆపేశాం. పడుకున్న ఒక్కొక్కరి పక్కన వాళ్ళ ఇంటివాళ్ళనే పెట్టాను. మొదటి రోజు గోరువెచ్చని ఇసక, రెండో రోజు ఇంకాస్త వేడిది. చంటిబిడ్డకి నీళ్ళు చూసినట్టు ముందు మీ మోచేతికి ఆనించి చూడమన్నాను. పొట్ట పక్కన, చంకల్లో, తొడల మధ్య. చేతులకీ కాళ్ళకీ చివర్న. ఇజ్రాయేలు గారు థర్మామీటర్లు పంచి, గోడ మీద బొగ్గుతో గంటకొక అంకె రాయించారు. ఎండ లేనప్పుడు పొయ్యిల మీద పెనాల్లో ఇసక వేయించారు. లోవ తన తల్లి చేతులు తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

రెండో రోజు పోలీసులు వచ్చారు. ఎస్సై ఖాళీ చెయ్యమన్నాడు.

"సగం వెచ్చబడ్డారు. ఇప్పుడు ఆపితే అందరూ చచ్చిపోతారు," అన్నాను. "ఆపమని కాగితం మీద రాసి సంతకం పెట్టండి. ఆపేస్తాను."

ఆయన పెన్ను తీయలేదు. షెడ్డులోపల ఇసక బస్తాల మధ్య వందల మంది మోకాళ్ళ మీద కూర్చుని ఉండటం చూసి, టోపీ తీసి చంకలో పెట్టుకుని బయట నిలబడ్డాడు.

చేత్తో చేసే పని. అన్ని చోట్లా ఒకేలా వెచ్చబడలేదు. ఒక తల్లి తొందరపడి కూతురి గుండెల మీద కాలే సంచి పెట్టేసింది. ఒక ముసలాయన నిద్రకి ఆగలేక ఒరిగిపోతే ఆయన కొడుకు రెండు గంటలు చల్లగా ఉండిపోయాడు. నలుగురు లేవలేదు. వాళ్ళ పేర్లు సన్యాసమ్మ, గురువులు, కాసులమ్మ, ఎల్లాజీ. మిగతా వాళ్ళు లేచారు. లేచిన వాళ్ళలో రెండు వందల పాతిక మందికి వేళ్ళలో స్పర్శ పోయింది.

వదిన మూడో రోజు సాయంత్రం కళ్ళు తెరిచింది. లోవని చూసింది. పిల్ల వేసుకున్న ఓణీ చూసింది. చాలాసేపు ఆ ఓణీ వైపే చూసింది.

"ఎప్పుడు?" అంది.

లోవ చెప్పింది. వదిన చెయ్యి ఎత్తి కూతురి బుగ్గ మీద పెట్టింది. తర్వాత తన చేతిని తిప్పి చూసుకుంది. మళ్ళీ పెట్టింది. అప్పుడు నా వైపు తిరిగింది. ఆ చూపు గురించి రాయడం నాకు చేతకాదు.

వందో రోజున వాళ్ళు ఓటుకి వెళ్ళారు. నడవలేని వాళ్ళని రిక్షాల్లో, రొయ్యల తోపుడు బళ్ళ మీద తీసుకెళ్ళారు. మార్కండేయులు ఓడిపోయాడు. పెద్ద తేడాతో కాదు. ఊళ్ళో దగ్గర దగ్గర సగం మంది ఆయనకే వేశారు, అన్నీ తెలిశాక కూడా. దమయంతి టీచరు గెలిచింది, ఫ్యాక్టరీ మాత్రం తెరుచుకోలేదు. నలుగురి చావుకి నేనే కారణమని ఆయన కేసు పెట్టాడు. మేం ఆయన మీద పెట్టాం. రెండూ నడుస్తున్నాయి. ఆయన రోజూ ఆఫీసుకి వెళుతున్నాడు. జోలమందు చేసే పద్ధతి రాసిన కాగితాల ప్రతి ఒకటి ఆయన దగ్గర ఉందని నాకు తెలుసు.

ఎన్నికయిన వారానికి అన్న ఇంటికి వెళ్ళాను. పొద్దున తొమ్మిదయింది. లోవ స్కూలుకి తయారవుతోంది. వదిన పీట మీద కూర్చుని కూతురి జుట్టు పట్టుకుని ఉంది. మూడు పాయలు తీస్తోంది, జారిపోతున్నాయి. వేళ్ళ మధ్య జుట్టు ఉందో లేదో ఆమెకి తెలియడం లేదు. వంగి చూసుకుంటూ మళ్ళీ తీస్తోంది. మళ్ళీ జారుతోంది. పదహారేళ్ళు చేతివైపు చూడకుండా పని చేసిన మనిషి.

నేను ఆగలేక దగ్గరికి వెళ్ళి జడ మీద చెయ్యి వేశాను.

వదిన తిరిగి నా చెంప మీద ఫెడీమని కొట్టింది.

లోవ ఉలిక్కిపడింది. మా అన్న గుమ్మంలోంచి లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"నెప్పి తెలిసిందా?" అంది వదిన.

"తెలిసింది."

"నాకు తెల్లేదు." తన అరచెయ్యి చూసుకుంది. "కొట్టానో నేదో కూడా సప్పుడు ఇని తెలుసుకున్నాను. నువ్వు సెప్పావని పడుకున్నానే. నువ్వు సెప్పావనే అందరూ పడుకున్నారే. సన్యాసమ్మది నా పక్క పరుపే."

తప్పు నాది కాదని నమ్మినంత సేపు బతకొచ్చు అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ చిన్న గదిలో అది కూడా కుదరలేదు.

వదిన దువ్వెన తీసి లోవ చేతికి ఇచ్చింది.

"నువ్వే ఏసుకో. నాను సెప్తాను. మూడు పాయలు తియ్యి. ఎడం పక్కది మద్దికి తే. ఇప్పుడు కుడి పక్కది. అదిగో, వదులైపోతంది. బిగించు."

లోవ బిగించింది.

"ఇంకా," అంది వదిన. "ఇంకా గట్టిగా."